గీసినందుకు కూడా డబ్బులా?

సంపాదకులకు,

ఆర్యా,

చిన్న పట్టణాల్లో చదువుకున్న యువతీయువకులు ఇంటీరియర్ డిజైన్‌ను ఉపాధిగా ఎంచుకోవచ్చనీ, ఒక కంప్యూటరు, నాలుగైదు మంచి ఫొటోలు, చేతిలో ఫోను ఉంటే వ్యాపారం మొదలైనట్టేననీ ఇటీవల మీ జిల్లా పేజీలో ఒక వ్యాసం వచ్చింది. ఒడిశాలోని పర్లాకిమిడిలో పద్నాలుగేళ్లుగా ఈ పనే చేసుకుంటున్న దానిని కనుక ఆసక్తిగా చదివాను. పిల్లలను ఈ వైపు రమ్మనడం నాకూ సంతోషమే. కానీ అంత పెద్ద వ్యాసంలో వడ్రంగి మేస్త్రీ అన్న మాట ఒక్కసారి కూడా కనిపించలేదు. డిజైనరుకు డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో చెప్పే వాక్యం ఒక్కటీ లేదు. ఈ రెండూ తెలియకుండా దుకాణం తెరిచినవాళ్లు రెండేళ్లు తిరక్కముందే బోర్డు దించేయడం మా ఊళ్లో చూశాను. నేనూ దించేయవలసిన దాన్నే. అందుకే ఈ ఉత్తరం.

మా ఊరి సంగతి క్లుప్తంగా చెబుతాను. ఊరి పక్కనే మహేంద్రతనయ నది. కాస్త ముందుకు వెళితే పాతపట్నం, అంటే ఆంధ్రప్రదేశ్. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా వేరే రాష్ట్రమైనప్పుడు పర్లాకిమిడి ఎస్టేటు రెండు ముక్కలై, పట్టణం ఒడిశా వైపూ, పాతపట్నం ప్రాంతం మద్రాసు వైపూ ఉండిపోయాయి. బంధుత్వాలు, బజారు, పనివాళ్లు మాత్రం ఇప్పటికీ ఒక్కటే. నేను పనిచేసే ఇళ్లలో దాదాపు సగం సరిహద్దు అవతలివే. ఒకే మేస్త్రీ పొద్దున్న ఒడియాలో కొలతలు చెప్పి మధ్యాహ్నం తెలుగులో అప్పు అడుగుతాడు.

విశాఖపట్నంలో డిప్లమా చదివి ఊరికి తిరిగివచ్చాక నేను చేసిన మొదటి పెద్ద పని ఒక విశ్రాంత ఉపాధ్యాయుడి ఇంటి వంటగది. ఆయన భార్య ఒక పత్రికలో బొమ్మ చూపించి అలాగే కావాలన్నారు. తెల్లటి తలుపులు, కింద వరుసగా సొరుగులు, ఒక్క గిన్నె కూడా బయటికి కనబడని గట్టు. అచ్చం అలాగే గీసి, అలాగే చేయించాను. గృహప్రవేశానికి వచ్చినవాళ్లందరూ మెచ్చుకున్నారు. శ్రావణం వచ్చేసరికి సింకు కింద సొరుగు బిగుసుకుపోయింది. రెండు చేతులతో లాగితే ముందు పలక మాత్రం ఊడి చేతికి వచ్చింది. అంచుల దగ్గర చెక్క పొరలు పొరలుగా విచ్చుకుని, వేలితో నొక్కితే తడిసిన అట్టలా లోపలికి దిగుతోంది. బాగుచేయడానికి పిలిచిన ముసలి మేస్త్రీ ఆ సొరుగు వైపు చూడనైనా చూడలేదు. వంటగది మధ్యలో నిలబడి చుట్టూ ఒకసారి కలయజూసి, “ఏటమ్మా ఇది, మరి బియ్యం బస్తా ఎక్కడెడతారు?” అన్నారు.

నా దగ్గర జవాబు లేదు. 25 కిలోల బియ్యం బస్తాకు గాని, ఆవకాయ జాడీలకు గాని, ఎండబెట్టిన వడియాల డబ్బాలకు గాని ఆ వంటగదిలో చోటు లేదు, ఎందుకంటే పత్రికలో ఆ బొమ్మ తీసినవాళ్ల ఇంట్లో అవి లేవు. మార్గశిర లక్ష్మివారాల్లో గడప నుంచి బియ్యం ఉండే చోటు దాకా పిండితో అమ్మవారి పాదాలు వేసే ఇల్లది. బియ్యానికే చోటు లేకపోతే ఆ పాదాలు ఎక్కడికి నడవాలి?

సొరుగు ఎందుకు ఉబ్బిందో కూడా ఆయనే విప్పి చూపించారు. ప్లైవుడ్ అన్నది ఒక్క రకం సరుకు కాదు. మామూలుగా ‘కమర్షియల్’ పేరుతో దొరికేది ఐఎస్ 303 ప్రమాణంలోని ఎంఆర్ రకం. గాలిలోని తేమకు తట్టుకుంటుంది గాని కారే సింకుకు తట్టుకోదు. అదే ప్రమాణంలోని బీడబ్ల్యూఆర్, అంటే మరిగే నీళ్లకు తట్టుకునే రకాన్ని 8 గంటలు ఉడికించి పరీక్షిస్తారు. ఐఎస్ 710 కింద వచ్చే ‘మెరైన్’ ప్లైవుడ్ 72 గంటలు మరిగే నీళ్లలో ఉన్నా పొరలు విడిపోకూడదు. షాపులో గోడకు ఆనించి పెట్టినప్పుడు మూడూ ఒకేలా కనిపిస్తాయి; తేడా ముద్రలోనే ఉంటుంది, ఆ ముద్రను ఎంతవరకు నమ్మాలో అమ్మేవాడి మొహం చూసి తేల్చుకోవాలి. అప్పటినుంచి కొత్త సరుకు దిగినప్పుడల్లా షీటు మూల నుంచి అగ్గిపెట్టె అంత ముక్క కోయించి, పాత అల్యూమినియం గిన్నెలో పొద్దున్నే పొయ్యి మీద పెట్టి, నీళ్లు ఇగిరినప్పుడల్లా పోస్తూ సాయంత్రం దాకా ఉడకనిస్తాను. పొరల మధ్య గోరు దూరితే ఆ సరుకు వెనక్కి వెళుతుంది. ప్రయోగశాల పరీక్షకు ఇది సాటి రాదు, గ్యాసూ ఖర్చవుతుంది, ఈ పూట కూరేమిటని ఇంట్లోవాళ్లు నవ్వుతారు. అయినా ఈ పద్నాలుగేళ్లలో నాకు ఎక్కువ డబ్బు మిగిల్చిన పనిముట్టు ఆ గిన్నే.

ఇక డబ్బు సంగతి. మీ వ్యాసం ఊసెత్తని విషయం ఇది. ఇల్లు కట్టుకునేవారు సిమెంటుకు, చెక్కకు, కూలికి బేరమాడకుండా కాకపోయినా డబ్బు ఇస్తారు. బొమ్మ గీసి, కొలతలు వేసి, ఏ వస్తువు ఎక్కడ ఉండాలో పది రోజులు ఆలోచించి కాగితం మీద పెట్టినందుకు ఫీజు అడిగితే, “గీసినందుకు కూడా డబ్బులా?” అంటారు. వారి తప్పేమీ లేదు. మేస్త్రీ నేల మీద సుద్దముక్కతో గీసి చూపించేదానికి ఎవరూ ఎప్పుడూ డబ్బు ఇవ్వలేదు కదా. అందుచేత మా వృత్తిలో చాలామంది ఫీజు అడగడం మానేసి, ప్లైవుడ్ షాపు నుంచి, టైల్స్ షాపు నుంచి, లైట్ల షాపు నుంచి కమీషన్ తీసుకుంటారు. నేనూ మొదటి నాలుగేళ్లు తీసుకున్నాను. అందులో ఉన్న చిక్కు ఏమిటంటే, ఇంటాయన ఎంత ఎక్కువ చెక్క కొంటే డిజైనరుకు అంత లాభం. పడకగదిలో ఒక గోడ ఖాళీగా వదిలేయడమే అందమని తెలిసినా, ఖాళీ గోడకు కమీషన్ రాదు గనుక అక్కడ కూడా పలకలు మొలుస్తాయి. హాలుకు అవసరం లేని ఫాల్స్ సీలింగు దిగుతుంది. నా చేతి గీత నా జేబు చెప్పినట్టు వంకర తిరుగుతోందని నాకే తెలిసిన రోజున పద్ధతి మార్చాను. ఇప్పుడు ఫీజు వేరు, సరుకు వేరు. బిల్లు ఇంటివారి పేరునే ఉంటుంది, షాపువాళ్లు నాకిచ్చేది ఏదైనా ఉంటే అది బిల్లులోనే తగ్గుతుంది. మొదటి ఏడాది వచ్చినవాళ్లలో సగానికి పైగా లేచి వెళ్లిపోయారు. ఉండిపోయినవాళ్లే తరువాత తమ అక్కచెల్లెళ్ల ఇళ్లు చూపించారు.

కొలతల తగాదా దీనికి చెల్లెలు. 7 అడుగుల ఎత్తు, 6 అడుగుల వెడల్పు ఉన్న అల్మరా ముఖం 42 చదరపు అడుగులు. దాని పైన 2 అడుగుల అటక వస్తే మరో 12. చదరపు అడుగుకు ఇంత అని ఒప్పుకున్నప్పుడు ఆ అటక లెక్కలోకి వస్తుందో రాదో, వెనక పలక మందం ఎంతో, లోపలి అరలు 18 మిల్లీమీటర్లవో 12 మిల్లీమీటర్లవో, కీళ్లు, తాళాలు ఎవరి ఖర్చో రాసుకోరు. రాసుకోని పని చివర్లో అరుపులతో ముగుస్తుంది. వైద్యుడు, వకీలు అని బోర్డు పెట్టుకోవాలంటే నమోదు ఉండాలి. 1972 నాటి ఆర్కిటెక్టుల చట్టం ప్రకారం ఆర్కిటెక్టు అన్న మాటకు కూడా రక్షణ ఉంది. ఇంటీరియర్ డిజైనరు అన్న మాటకు అలాంటిదేమీ లేదు, ఎవరైనా పెట్టుకోవచ్చు. కాబట్టి మమ్మల్ని నమ్మడానికి జనానికి మిగిలిన ఆధారం మేం రాసి ఇచ్చే కాగితమే.

ఆ కాగితం నమూనా నేను ఒక్కదాన్నే కూర్చుని తయారుచేసింది కాదు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి మా జిల్లా మీదుగా వెళ్లినప్పుడు మా మేస్త్రీల షెడ్ల రేకులు లేచిపోయాయి, కోసి పెట్టుకున్న చెక్క తడిసిపోయింది, కరెంటు రోజుల తరబడి రాలేదు. ఒకరి దగ్గర జనరేటరు ఉంది, ఒకరి దగ్గర నిలిచిన పైకప్పు ఉంది, ఒకరికి చిత్రిక మిషను మిగిలింది. అంతకుముందు ఒకరి పని ఒకరు లాక్కుంటూ పలకరించుకోని నలుగురు ఆ షెడ్డు కింద నెలరోజులు పక్కపక్కన పనిచేయవలసి వచ్చింది. మా వైపు వడ్రంగులు, తాపీమేస్త్రీలు అమావాస్య నాడు పని ముట్టుకోరు. ఆ నెల అమావాస్యకు ఊరికే కూర్చుని టీ తాగుతూ మొదలైన మాటలు నేటిదాకా ప్రతి అమావాస్యకూ సాగుతున్నాయి. ఆ కాగితం నమూనా ఆ మాటల్లోనే తయారైంది. సంఘం అని రిజిస్టరు చేయలేదు, పేరు కూడా పెట్టలేదు. వడ్రంగులు, రంగులవాళ్లు, కరెంటు పనివాళ్లు, పరదాలు కుట్టే ఇద్దరు ఆడవాళ్లు, నేను. విశ్వకర్మ పూజ సెప్టెంబరు 17న ఒడియావాళ్ల పద్ధతిలో చేస్తాం, దసరాకు పనిముట్లకు మళ్లీ తెలుగు పద్ధతిలో పసుపు కుంకుమలు పెడతాం. పండుగ రెండుసార్లు వచ్చినందుకు ఎవరికీ అభ్యంతరం లేదు.

ఆ కూర్చోవడంలో ఒక ఆచారం ఏర్పడింది: ఎవరో ఒకరు చెడిపోయిన పనిని తెచ్చి మధ్యలో పెట్టాలి. బాగా వచ్చిన పనుల ఫొటోలు చూపించుకోవడానికి ఫోన్లున్నాయి. లామినేటు లేచిపోయిన తలుపు, చెద తిన్న గుమ్మం ముక్క, బరువుకు వంగిన పుస్తకాల అర, ఇవి ఎదురుగా ఉంటే కుర్రవాళ్లు ఒక గంటలో నేర్చుకునేది నేను కంప్యూటరు మీద నెల రోజులు చెప్పినా ఎక్కదు. ఒక కట్టుబాటు కూడా చేసుకున్నాం. సగంలో ఆగిన ఇంటి పనికి మరొకరిని పిలిస్తే, పాత మేస్త్రీకి రావలసిన బాకీ తేలేదాకా కొత్తవాడు ఉలి పట్టకూడదు. ఇది కొన్నిసార్లు మాకే నష్టం కలిగించింది, ఒకటి రెండుసార్లు మాలోనే ఒకరు తప్పారు, పెద్ద గొడవ అయింది. అయినా బాకీలు ఎగవేయడం తగ్గింది. వ్యాసకర్త చెప్పిన ఫొటోలతో వ్యాపారం మొదలు కావచ్చు. తుపాను మర్నాడు జనరేటరు ఇచ్చేవాడు ఫొటోలతో దొరకడు.

మా చుట్టూ ఉన్న చేతిపనిని ఇళ్లలోకి తేవడం గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ ఒకచోట నేను బాగానే చేశాను, ఒకచోట తప్పు చేశాను. పర్లాకిమిడి కొమ్ము పనికి పేరున్న ఊరు. దువ్వెనలు, కొంగలు, రొయ్యలు చేసే కుటుంబాలు కొన్ని ఇంకా ఉన్నాయి. కొమ్మును నిప్పు సెగకు చూపితే మెత్తబడుతుంది. అప్పుడు వంచి, చల్లారాక ఆకురాయి పట్టి, మెరుగు పెడితే నల్లని గాజులా నిగనిగలాడుతుంది. అలమరాలకు ఇత్తడి పూత హేండిళ్లు ఢిల్లీ నుంచి తెప్పించే బదులు కొమ్ముతో చేయించాలనుకున్నాను. మొదటి విడత పూర్తిగా పోయింది, ఎందుకంటే ఫ్యాక్టరీ తలుపులకు రంధ్రాల మధ్య దూరం 96 మిల్లీమీటర్లు, కొమ్ముకేమో ఏ రెండింటికీ ఒకే వంపు ఉండదు. చివరికి రేకు ముక్క మీద రెండు రంధ్రాలు పొడిచి కొమ్ము పని చేసే ఆయన చేతికిచ్చాను. వంపు ఆయన ఇష్టం, రంధ్రాలు మాత్రం ఈ రేకు చెప్పినట్టు. ఇప్పుడు ఏ ఇంట్లోనూ రెండు హేండిళ్లు ఒకేలా ఉండవు, అన్నీ సరిగ్గా బిగుస్తాయి. ఆయనకు ధర నేను చెప్పను, ఆయనే చెబుతాడు.

తప్పు సవర బొమ్మల దగ్గర జరిగింది. గుణుపురం పైన పుట్టాసింగ్ కొండల్లో లాంజియా సవరలనే గిరిజనులు ఇంటి లోపలి గోడకు ఎర్రమట్టి పూసి, చివర నలగ్గొట్టిన పుల్లతో బియ్యప్పిండి ముంచి వేసే చిత్రాన్ని వాళ్లు ఇడితాల్ అంటారు. మనుషులు, గుర్రాలు, ఏనుగులు, సూర్యచంద్రులు, చెట్టు, అన్నీ ఒక గడి లోపల ఉంటాయి. అది దేవతకో, చనిపోయిన పెద్దలకో కట్టి ఇచ్చిన ఇల్లు. ఇది తెలియక, తెలుసుకునే ప్రయత్నమూ చేయక, కంప్యూటరులో ఆ బొమ్మలు దించుకుని, అచ్చు వేయించి, ఒక ఇంటి హాలులో టీవీ వెనక గోడంతా అతికించాను. ఆ ఇంటికి కరెంటు పనికి వచ్చిన సవర కుర్రవాడు చాలాసేపు దాన్ని చూసి, “ఇది ఎవరి కోసం వేశారు?” అని అడిగాడు. నాకు ప్రశ్నే అర్థం కాలేదు. ఎవరి కోసమో వేయని ఇడితాల్ ఉండదని అతను చెప్పాక ఆ గోడ వైపు చూడడానికి సిగ్గేసింది. 2024 జనవరిలో లాంజియా సవర చిత్రాలకు భౌగోళిక గుర్తింపు వచ్చింది గనుక ఆ పేరుతో ఏదో ఒకటి అమ్మడం ఇప్పుడు చట్టం దృష్టిలో కూడా చెల్లదు. చట్టం రాకముందు మాత్రం అది ఒప్పా? ఇదే పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి పంతులుగారు సవరలను ఇంటికి పిలిపించుకుని, వారి భాష వారి నోటనే నేర్చుకున్నాకే నిఘంటువుకు పూనుకున్నారు. ఆయన పుట్టినరోజున తెలుగు భాషా దినోత్సవం జరుపుకునే మనం, వాళ్ల గోడను అడగకుండా ఎత్తుకొచ్చుకున్నాం. ఇప్పుడు ఎవరైనా సవర బొమ్మ కావాలంటే, వేసే మనిషిని పిలిపిస్తాను. ఏది పూజకు సంబంధించినది, ఏది ఇంటి అందానికి వేయవచ్చు అన్నది ఆయనే చెబుతాడు, కింద ఆయన పేరే ఉంటుంది.

ప్రభుత్వాల వైపు నుంచి రెండు మాటలు. 2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలో వడ్రంగులకు 15,000 రూపాయల పనిముట్ల సాయం, మొదట లక్ష, తరువాత 2 లక్షల దాకా 5 శాతం వడ్డీకి అప్పు ఉన్నాయి. మంచిదే. కానీ ఆ పెట్టెలో దొరకనిది గీసిన ప్లాను చదవడం. మా కుర్రవాళ్లలో ఉలి పట్టడం వచ్చినవాళ్లు చాలామంది, కాగితం మీది కొలతను చెక్క మీదికి తప్పు లేకుండా తెచ్చేవాళ్లు కొద్దిమంది; కూలిలో తేడా అంతా అక్కడే వస్తోంది. శిక్షణలో ఇది కూడా చేర్చాలి.

రెండోది పన్ను. పాతపట్నం నుంచి ఒక మంచం చేసిపెట్టమని పర్లాకిమిడి మేస్త్రీని అడిగితే, చట్టం దృష్టిలో అది రాష్ట్రం దాటిన అమ్మకం. సేవలకైతే ఏటా 20 లక్షల దాకా నమోదు అక్కర్లేదు. సరుకు విషయంలో మాత్రం, కొన్ని హస్తకళా వస్తువులు మినహా, రాష్ట్రం దాటించి అమ్మేవాడు ఎంత చిన్నవాడైనా జీఎస్టీ నమోదు చేయించుకోవలసిందే. పోనీ, చిన్న వ్యాపారుల కోసం పెట్టిన కాంపోజిషన్ పద్ధతిలో చేరదామంటే, అందులో ఉన్నవారు రాష్ట్రం బయటికి అమ్మనే కూడదు. హైదరాబాదు నుంచి, బెంగళూరు నుంచి రెడీమేడ్ వంటగదులు లారీల్లో దించే కంపెనీలకు ఇది లెక్కలోది కాదు. కూతవేటు దూరంలో ఉన్న వీధికి మంచం పంపలేని మేస్త్రీకి ఇది రోజూ తగిలే గోడ. సరిహద్దు మండలాల చేతివృత్తులవారికి దీనిలో సడలింపు అడగాలని గజపతి, శ్రీకాకుళం జిల్లాల పరిశ్రమల కేంద్రాల అధికారులను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. పలకలు కోసే పెద్ద మిషను, అంచు పట్టీ అతికించే మిషను మాలో ఎవరికి వారు కొనుక్కోలేనివి. చిన్న పరిశ్రమల సముదాయ పథకం కింద వాటిని ఉమ్మడిగా వాడుకునే కేంద్రం ఒకటి వస్తే, నగరం సరుకు నున్నదనానికి మా సరుకు తీసిపోదు.

మీ వ్యాసం చదివి ఈ పని నేర్చుకోవాలనుకునే పిల్లలెవరైనా ఈ చుట్టుపక్కల ఉంటే, ఫొటోల ఖాతా తెరవడానికి ముందు ఒక అమావాస్య నాడు మా షెడ్డుకు రావచ్చు. గజపతి జిల్లావారని గాని శ్రీకాకుళం జిల్లావారని గాని పట్టింపు లేదు, ఆడపిల్లలు వస్తే మరీ సంతోషం. వచ్చే నెల చెడిపోయిన పని తేవలసిన వంతు నాది. ఆ ఉపాధ్యాయుడి ఇంటి సొరుగు పలక ఇంకా మా అటక మీదే ఉంది, అదే దించుతాను.

ఇట్లు,
ఒక ఇంటీరియర్ డిజైనరు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా